కొంగ కాలి కొలత

ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కి, మల్లనహాళు స్టేజీ దగ్గర దించమని కండక్టర్ని అడిగితే, "హులిగెమ్మ చెరువు కాడేనా?" అంటాడు. ఆ చెరువుకు రికార్డుల్లో వేరే పేరుంది. అది రికార్డులు రాసేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. హులిగెమ్మ మాత్రం అందరికీ తెలుసు.

చూడ్డానికి అంత పేరున్న మనిషిలా ఉండదు. ఎత్తు నాలుగున్నర అడుగులకు మించదు. చీర మీద మొగుడి పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మోచేతుల దాకా మడిచి, బుగ్గన వక్కాకు పెట్టుకుని, తుమ్మకర్ర ఊపుకుంటూ పొద్దున్నే కట్ట మీద నడుస్తుంది. ఆమె ఆ ఊరి నీరుగంటి. అంటే తూము తెరిచి మూసే మనిషి, ఏ పొలానికి ఎన్ని తడులో, ఎవరి తరవాత ఎవరి వంతో తేల్చే మనిషి. ఆ పని ఆడవాళ్ళు చేయడం చుట్టుపక్కల ఎక్కడా లేదు. పదమూడేళ్ళ కిందట ఆమె మొగుడు తిక్కయ్య పోయినప్పుడు పొలాలన్నీ నీళ్ళకోసం నోరు తెరుచుకుని ఉన్నాయి. మూడోనాడు ఆమె ఏడుపు ఆపి, మొహం కడుక్కుని, తిక్కయ్య చొక్కా తగిలించుకుని పోయి తూము చక్రం తిప్పి వచ్చింది. ఆ తరవాత ఇంకో నీరుగంటిని పెట్టాలన్న సంగతి ఊళ్ళో ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె కూడా గుర్తు చేయలేదు.

తిక్కయ్య ఆమెకు ఆస్తి అంటూ వదిలింది ఒక్క విద్య. చెరువులో నీళ్ళ మట్టం చూడ్డానికి ఎప్పుడో నాటిన కొలతరాయి ఆమె కాపురానికి రాకముందే పూడికలో మునిగిపోయింది. కొత్తది నాటుతామని వచ్చినవాళ్ళంతా ఫోటోలు తీసుకుని పోయారు. అందుకని తిక్కయ్య నీళ్ళను పక్షుల కాళ్ళతో కొలిచేవాడు. చలికాలం మొదట్లో ఎర్రకాళ్ళ కొంగలు దిగుతాయి. వాటికి ఈత రాదు, కాలు ఆనిన చోటే నిలబడి చేపలు పడతాయి. చెరువులోని జంటతుమ్మల దగ్గర కొంగకు ఏ కీలు దాకా నీళ్ళున్నాయి, ఏనుగుబండ దగ్గర ఏ కీలు దాకా ఉన్నాయి అని చూస్తే, ఇంకా ఎన్ని తడుల నీళ్ళున్నాయో తేలిపోతుంది.

కొంగలతో పాటు గీతల బాతులు. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి తల, తల వెనక రెండు నల్లటి గీతలు. అవి హిమాలయాలు దాటి వస్తాయని ఎవరో చదువుకున్నాయన చెబితే హులిగెమ్మ నమ్మలేదు. ఆమె లెక్కలో అవి మంత్రాలయం అవతల నుంచి, మహా అయితే రాయచూరు నుంచి వస్తాయి. అవి చీకట్లో పొలాల మీద పడి మేసి, పగలంతా నడి చెరువులో లోతు నీళ్ళ మీద కునుకు తీస్తాయి. అక్కడ నీళ్ళు తగ్గి ఒండ్రు పైకి తేలితే, కట్టవైపు జరిగి కూర్చుంటాయి. బాతులు కట్ట కిందికి వచ్చాయంటే ఇంక పొలాలకు వదిలే నీళ్ళు లేవని లెక్క. మట్టం అంతకు దిగితే తూము మూసేయాలి, మిగిలింది ఎండాకాలంలో పశువులు తాగడానికి. ఇది తిక్కయ్య పెట్టిన కట్టు కూడా కాదు, వాళ్ళ తాతల నాటిది.

ఈ లెక్క ఎన్నడూ తప్పలేదు. అందుకే మల్లనహాళులో ఎవరైనా పొద్దున ఆమెకు ఎదురుపడితే బాగున్నావా అని అడగరు. "నీళ్ళెన్నాళ్ళొస్తాయి?" అని అడుగుతారు. సెంటు పొలం లేని బడి పంతులు కూడా అదే అడుగుతాడు. ఆమె మనిషిని బట్టి జవాబిస్తుంది. పక్క మడవ తెంపుకునే అలవాటున్నవాడికి, నువ్వు దొంగతనం మానుకుంటే ఉగాది దాకా వస్తాయి అంటుంది. పంతులుకు మాత్రం ఉన్నదున్నట్టు తడులు లెక్కగట్టి చెబుతుంది, పాపం అక్కర లేకపోయినా అడుగుతాడు కదా అని. ఆ ప్రశ్న వినని రోజు ఆమెకు అన్నం సయించదు. ఆస్పరిలో కాపురం చేస్తున్న కూతురు వచ్చి ఉండమంటే పోయి, మూడోరోజే బస్సెక్కి వచ్చేసేది ఇందుకే.

ఇంటి పక్క జయరాజు, అతని పెళ్ళాం సునీత. మధ్యలో రొమ్ము ఎత్తు మట్టిగోడ. వాళ్ళు ఆదివారం ప్రార్థనకు పోతారు, హులిగెమ్మ మంగళవారం మారెమ్మ గుడికి పోతుంది. మిగిలిన అయిదు రోజులూ గోడకు అటూ ఇటూ నిలబడి మాట్లాడుకుంటారు. జయరాజు ఆమెను అత్తా అంటాడు, సునీత పెద్దమ్మా అంటుంది. ఆయకట్టు చిట్టచివర జయరాజుకు ఒక ఎకరం ఉంది, ఈయేడు ఉల్లి వేశాడు. నీళ్ళెప్పుడూ పైనుంచి కిందికే కాబట్టి అతని వంతు ఎప్పుడూ ఆఖరిదే. సునీతకు పదకొండు నాటుకోళ్ళు. అందులో ఒంటికన్నుదొకటి. పిల్లప్పుడు కాకి పొడిచింది. దానికి సునీత ఎంత మెత్తటి గూడు కట్టినా, గోడ దూకి వచ్చి హులిగెమ్మ జొన్నల గంపలోనే గుడ్డు పెట్టేది. ఆ గుడ్డు ఎవరిదన్న తగువు ఆ గోడ మీద ఏళ్ళ తరబడి నడిచింది. తేల్చుకోవాలని ఇద్దరిలో ఎవరికీ లేదు.

మొన్నటి జనవరి ఆఖర్లో ఒక పొద్దున హులిగెమ్మ కట్టెక్కి చూసేసరికి గీతల బాతులు నడి చెరువులో లేవు. కట్ట కింద, తూముకు కూతవేటు దూరంలో బారుగా కూర్చుని ఉన్నాయి. ఆమె వక్కాకు నమలడం ఆపేసింది. అప్పటికి సంక్రాంతి పోయి పదిహేను రోజులు కూడా కాలేదు, ఇంత తొందరగా మట్టం దిగడమేమిటని మనసులో అనిపించింది. కానీ లెక్క లెక్కే. పోయి తూము మూసేసి, దారిలో కనబడిన వాళ్ళకల్లా ఈ సుట్టు ఇంతటితో సరి అని చెప్పింది. మరునాడు రావలసింది జయరాజు వంతు.

జయరాజు మాపటేళ గోడ దగ్గరికి వచ్చి, గడ్డ ఊరే సమయమత్తా, ఒక్క తడి వదిలితే చాలని అడిగాడు. పైవాళ్ళకు చెప్పిన మాటే నీకూను అని ఆమె అంది. అతను ఇంకో మాట అడగలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లోపలికి పోయాడు. తగువాడి ఉంటే బాగుండునని హులిగెమ్మ తరవాత ఎన్నిసార్లు అనుకుందో.

నాలుగో రోజుకు ఉల్లికాడలు కొసలు పచ్చబారి వాలిపోవడం మొదలుపెట్టాయి. ఆమె కట్ట మీద నిలబడి ఆ చేను చూసింది, చెరువు చూసింది. అప్పుడు తట్టింది, ఏదో పొంతన కుదరడం లేదని. ఎర్రకాళ్ళ కొంగలు జంటతుమ్మల దగ్గర పోయిన వారం ఏ కీలు దాకా మునిగి ఉన్నాయో, ఇప్పుడూ ఆ కీలు దాకానే ఉన్నాయి. నీళ్ళు తగ్గలేదని కొంగలు చెబుతున్నాయి, తగ్గాయని బాతులు చెబుతున్నాయి. ఇంకోటి కూడా ఉంది. గీతల బాతులు మా శెనగమొలకలు పీకిపోయినాయని రోజూ ఆమె మీదకు తగువుకు వచ్చే రైతులు నాలుగు రోజులుగా రాలేదు. అవి ఆమె పెంచుకున్న బాతులైనట్టు ఆమెనే తిట్టేవాళ్ళు. ఆ తిట్లు లేకపోవడం ఆమెకు ఇప్పుడు గుర్తుకొచ్చింది.

చీర దోపి నీళ్ళలోకి దిగింది. ఏనుగుబండ దాకా పోయేసరికి నీళ్ళు తొడల దాకా వచ్చాయి. మోకాలికి ఉంటాయనుకున్న చోటు అది. నీళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. తిరిగి వస్తుంటే బాతుల బారు ఎదురైంది. ఎప్పుడూ ఆమె పదిబారల దూరంలో ఉండగానే అరుచుకుంటూ లేచిపోయే పక్షులు, పక్కనే నడిచినా కదల్లేదు. ఒకదాని మెడ వెనక్కి తిరిగిపోయి ఉంది. ఇంకొకటి ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతోంది. కళ్ళ మీద పాలు పోసినట్టు తెల్లటి పొర. అవి నీళ్ళు తగ్గి రాలేదు, ఒంట్లో బాగాలేక గట్టుకు చేరాయి. పదమూడేళ్ళలో తన లెక్క మొదటిసారి తప్పిందని, ఆ తప్పు జయరాజు ఉల్లి మీద పడిందని హులిగెమ్మకు అక్కడే, తడి బట్టలతో నిలబడి అర్థమైంది.

అప్పుడామె రెండు పనులు చేసింది. ఒకటి మంచిది. పోయి తూము తెరిచి, జయరాజు మడవకు నీళ్ళు వదిలింది. రెండోది తన అలవాటు చొప్పున చేసింది. ఆ చెరువులో గూడు జారిన కొంగపిల్ల కానీ, రెక్క విరిగిన బాతు కానీ కనబడితే ఇంటికి తెచ్చి, గంప కింద పెట్టి, జొన్నంబలి తాపి బాగుచేసి వదలడం తిక్కయ్య నాటి నుంచీ ఆ ఇంటి వాడుక. మన కొలతకర్రలు ఇవి, విరిగితే మనమే అతికించుకోవాలి అనేవాడు ఆయన. మెడ తిరిగిన బాతును కొంగులో చుట్టుకుని, గుండెకు ఆనించుకుని ఇంటికి తెచ్చింది. గంప కింద పెట్టి, మట్టిమూకుడులో అంబలి పోసింది. అది తాగలేదు. పొద్దున్నకు బిగుసుకుపోయి ఉంది. పెరట్లో గుంత తీసి, చిటికెడు పసుపు చల్లి పూడ్చింది. గంప దగ్గరికి తిరిగి వచ్చేసరికి ఒంటికన్నుది మూకుడులోని అంబలి తాగి మూతి తుడుచుకుంటోంది.

ఊళ్ళో ఈలోగా ఒక మాట పాకిపోయింది. హులిగెమ్మ తూము మూసిందట, మళ్ళీ తెరిచిందట, లెక్క తప్పిందట. ఎవరూ మొహాన అనలేదు. మల్లనహాళు వాళ్ళు అంత మొరటువాళ్ళు కాదు. వాళ్ళు చేసిందల్లా ఒకటే, అడగడం మానేశారు. ఆమె ఎదురైతే ఎండ ముదిరిందనో, బస్సు రాలేదనో అన్నారు. బడి పంతులు సైతం నమస్కారం పెట్టి తల వంచుకుని పోయాడు. ఆ నమస్కారం ఆమెకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

మూడోనాటికి చెరువు గట్టున చచ్చిన బాతులు ఎనిమిది, నాలుగోనాటికి ఇరవై పైన. ఎవరో ఫోన్ చేస్తే పశువుల డాక్టరమ్మ మాధురి జీపులో వచ్చింది. ముప్పై ఏళ్ళు నిండని మనిషి, మాట మెత్తన, పని గట్టి. తెల్లటి తొడుగులు వేసుకుని చచ్చిన పక్షుల నుంచి నమూనాలు తీసి, భోపాల్ ల్యాబుకు పంపుతున్నామని, అక్కడి నుంచి కబురొచ్చే దాకా ఎవరూ చెరువులో దిగొద్దని, పశువుల్ని తోలొద్దని చెప్పింది. పక్షుల జ్వరం కావచ్చు, కోళ్ళకు అంటుకుంటే మందు లేదు, మనుషులకు అంటడం అరుదే కానీ అంటితే ప్రమాదం అంది. అందరినీ ఒక మాట అడిగింది. ఎవరైనా పక్షిని చేత్తో ముట్టుకున్నారా, ఇంటికి తీసుకుపోయారా అని.

హులిగెమ్మ ఆ గుంపులోనే ఉంది. మాట్లాడలేదు.

ఆమెను తప్పుపట్టే ముందు, ఎందుకు మాట్లాడలేదో ఒక్క నిమిషం ఆలోచించాలి. అప్పటికే ఆమె మాటకు విలువ పోయింది. ఇప్పుడు నోరు తెరిస్తే జబ్బును ఊళ్ళోకి మోసుకొచ్చిందీ ఆమే అవుతుంది. ఊరి కోళ్ళన్నీ పోతాయి, సునీత కోళ్ళు అందరికంటే ముందు పోతాయి. ఇక తూము చక్రం మీద చెయ్యి ఎవరు పెట్టనిస్తారు? పోయినేడు గోదావరి జిల్లాల్లో కోళ్ళఫారాలకు జబ్బొచ్చినప్పుడు గుంతలు తీసి పూడ్చడం టీవీలో సునీతతో కలిసే చూసింది. ఒక పూటంతా ఆ మాటను వక్కాకుతో పాటు నములుతూ ఉండిపోయింది.

మాపటేళ గోడ అవతలకు చూసింది. ఒంటికన్నుది మెడ వేలాడేసి ఉంది, తురాయి నల్లబడింది. సునీత దాన్ని ఒళ్ళో పెట్టుకుని, వెల్లుల్లి మిరియాలు నూరిన ముద్దను వేలితో దాని నోట్లోకి నెడుతోంది. పసిపిల్లకు మందు పోస్తున్నంత ఒద్దికగా చేస్తోంది. మధ్యమధ్యలో ఆ చేత్తోనే తన మొహం మీద పడ్డ వెంట్రుకలు తోసుకుంటోంది. హులిగెమ్మ గోడ పట్టుకుని ముందుకు వంగింది. కోడిని వదిలి, చేతులు సబ్బుతో కడుక్కోమని గట్టిగా చెప్పింది. సునీత నవ్వి, మా పెద్దమ్మకు ఎన్నడూ లేని శుభ్రం పట్టుకుంది అని, అలాగే కూర్చుంది.

మరునాడు పొద్దున పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా చేరింది. కట్టను ఆనుకుని పై పొలాలున్న పెద్ద రైతు ఈరేష్ ట్రాక్టర్ నిండా టపాకాయలు వేసుకుని వచ్చాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. చెరువు చుట్టూ పేలిస్తే పక్షులన్నీ లేచిపోతాయి, జబ్బు వాటితోనే పోతుంది అన్నాడు. చాలామందికి అది సబబుగానే తోచింది. తరిమితే జబ్బు పక్క చెరువులకు పాకుతుందని, ఉన్నచోటే ఉండనివ్వడం మేలని డాక్టరమ్మ చెప్పబోతే, మీరు జీపెక్కి పోతారమ్మా, ఉండేది మేము కదా అన్నాడు. హులిగెమ్మ ముందుకు వస్తే ఎవరో వెనక నుంచి, ఇంక బాతుల లెక్క చాల్లే అవ్వా అన్నారు. కొందరు నవ్వారు కూడా.

ఆమె తుమ్మకర్ర నేలకు ఆనించి, ఈరేష్ వైపు కాకుండా సునీత వైపు తిరిగి మాట్లాడింది.

"ఒంటికన్నుదానికి జబ్బు తెచ్చిచ్చింది నేనే తల్లీ. సావడానికున్న బాతును కొంగులో సుట్టుకోని ఇంటికి తెచ్చినా. దాని మూకుడులో నీ కోడి తాగింది, నా కండ్లతో సూసినా. నిన్న డాక్టరమ్మ అడిగితే నోరు మూసుకున్నా, నా పరువు పోతాదని. నిన్న మాపటికి నువ్వు దాన్ని ఒళ్ళో పెట్టుకోని ఉంటే ఆడనే సెప్పాల్సింది, సెప్పలేకపోయినా. ఇప్పుడు సెప్తాండా. ఆ కోళ్ళను ముట్టుకోవద్దు."

అప్పుడు ఈరేష్ వైపు తిరిగింది.

"ఒగ బాతును నేను ఒగ ఇంటికి తెస్తే ఇంత అయింది కదప్పా. నువ్వు మున్నూరు బాతుల్ని ఎన్ని ఊర్లకు తోల్తావు?"

ఈరేష్ ట్రాక్టర్ వెనక్కి తిప్పుకుని పోయాడు. తన పరువు తానే తీసుకుంటున్న మనిషి అబద్ధం ఎందుకు చెబుతుందని ఊరు అనుకున్నదో ఏమో, టపాకాయల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

భోపాల్ నుంచి కబురు రానే వచ్చింది, పక్షుల జ్వరమేనని. కోళ్ళ నమూనాల్లోనూ అదే తేలింది. తెల్లతొడుగుల వాళ్ళు వచ్చి ఊళ్ళో కోళ్ళన్నింటినీ తీసుకుపోయారు. వాళ్ళు తన వాటిని బుట్టల్లోకి ఎక్కిస్తుంటే సునీత దూరం నుంచి ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి పిలిచింది. అప్పటికి ఒంటికన్నుది లేదు. హులిగెమ్మ గోడకు ఇవతల కూలబడి, పైట నోట్లో కుక్కుకుంది. ఆ రోజు సునీత ఆమె వైపు చూడలేదు.

పక్షిని ముట్టినందుకు హులిగెమ్మకు, కోడిని ముట్టినందుకు సునీతకు మాత్రలిచ్చి, పది రోజులు గడప దాటొద్దన్నారు. రెండోరోజు హులిగెమ్మకు ఒళ్ళు వెచ్చబడితే గొంతులో పుల్ల పెట్టి పరీక్షకు పంపారు. ఆ రెండు రోజులు ఆమె తనకోసం భయపడిందో లేదో కానీ, అవతలి ఇంట్లో దగ్గు వినబడుతుందేమోనని చెవి గోడకు ఆనించి కూర్చుంది. పరీక్షలో ఏమీ లేదని, అది చెరువు నీళ్ళలో తడిసిన జలుబేనని తేలింది. కూతురు ఆస్పరి నుంచి ఫోన్ చేసి అరగంట తిట్టింది. ఆ తిట్లు ఆమెకు హాయిగానే ఉన్నాయి.

ఆ పది రోజులూ గోడకు అటొకరు, ఇటొకరు. మాటల్లేవు. కానీ మొదటి రోజు నుంచే పొద్దెక్కేసరికి గోడ మీద రెండు జొన్నరొట్టెలు, శెనిగిత్తనాల చట్నీ పెట్టిన తట్ట కనబడేది. తట్ట పెట్టి, గరిటెతో రెండుసార్లు గోడ తట్టి సునీత లోపలికి పోయేది. ఆరోరోజు గరిటె చప్పుడైనా అడుగుల చప్పుడు కాలేదు. హులిగెమ్మ లేచి చూస్తే సునీత మూతికి గుడ్డ కట్టుకుని దూరంగా నిలబడి ఉంది.

ఆఖర్న నీ గంపలో గుడ్డేమన్నా పెట్టిందా పెద్దమ్మా అని అడిగింది.

రెండు పెట్టిందని, వాటినీ డాక్టరమ్మ తీసుకుపోయిందని హులిగెమ్మ చెప్పింది. రెండు గుడ్లూ నావేనని సునీత అంది. గంప నాది కదా అని హులిగెమ్మ అంది. ఆ తరవాత ఇద్దరూ గోడకు చెరో పక్క నిలబడి, ఎవరికి వాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

కానీ హులిగెమ్మకు అసలు దిగులు అలాగే ఉంది. తూము జయరాజు చూస్తున్నాడు. డాక్టరమ్మ పై అధికారులను అడిగి, తూము నీళ్ళు పారించుకోవచ్చు, బూట్లు, చేతి తొడుగులు లేకుండా ఎవరూ ముట్టొద్దు అని చెప్పి, ఒక జత అతనికే ఇచ్చి పోయింది. రోజూ పొద్దున వీధిలో మనుషులు నడుస్తుంటారు, పలుగులు పారలు చప్పుడవుతుంటాయి. ఎవరూ ఆమె గడప ముందు ఆగలేదు. నీళ్ళెన్నాళ్ళొస్తాయని అడిగే నోరు లేదు. జయరాజు కూడా పొద్దున్నే బూట్లు టకటకలాడించుకుంటూ గోడ పక్కనుంచే పోయి వచ్చేవాడు, పలకరించేవాడు కాదు. తడి ఆలస్యమై అతని ఉల్లి సగం చేను ఎండిపోయిందని సునీత చెప్పింది. ఇక తిక్కయ్య చొక్కా ఉతికి పెట్టెలో పెట్టేయడమేనని ఆమె అనుకుంది. తొమ్మిదోరోజు నిజంగానే ఉతికి ఆరేసింది.

పదోరోజు పొద్దున బూట్ల చప్పుడు గోడ దగ్గర ఆగింది. జయరాజు దగ్గరికి రాకుండా, తొడుగులు విప్పి పక్కన పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"అత్తా, నీళ్ళెన్నాళ్ళొస్తాయి?"

హులిగెమ్మ గోడ పట్టుకుని నిలబడింది. "నన్నడుగుతాండావా జయరాజూ? నా లెక్కతో నీ సగం సేను పాయె కదప్పా."

"సెరువులో దిగేకి లేదు. ఇంగెవరికి తెలుస్తాది సెప్పు. నేను కట్ట మీద నుంచి సూసొచ్చినా. జంటతుమ్మల కాడ కొంగకు మోకాలి కీలు మునిగింది. ఏనుగుబండ కాడ కడుపంటుకొని ఉండాయి. లెక్క నువ్వు సెయ్యి."

అతను కొలత వల్లిస్తుంటే ఆమె వేళ్ళు వాటంతటవే మడత పడుతున్నాయి. మూడు తడులు. సరిగ్గా మూడు. నోటిదాకా వచ్చిన మాట ఆపుకుంది. ఒకసారి దెబ్బతిన్న మనిషి కదా. బాతులు యాడుండాయి అని మెల్లగా అడిగింది.

జయరాజు మొహాన నవ్వు కనబడింది. ఆ మాట కోసమే దాచి ఉంచినట్టున్నాడు. "నడి సెరువులో ఉండాయి. నూరుకు పైనే మిగిలినాయి. కట్టెక్కినానో లేదో, నన్ను సూసి గోల సేసుకుంటా లేసిపోయినాయత్తా."

"లేసిపోయినాయా?"

"అన్నీ."

ఆమె ఇంకోసారి అడిగింది. అతను ఇంకోసారి చెప్పాడు. మనిషిని చూసి బెదిరాయంటే వాటికి ఒళ్ళు కుదుటబడింది. హులిగెమ్మ ఏడుపు దాచుకోలేదు, దాచుకునే వయసు కూడా కాదు. తీగ మీద ఆరేసిన చొక్కాతోనే మొహం తుడుచుకుంది.

"మూడు తడులుండాయి. ఈ సుట్టు కింది నుంచి మొదలుపెట్టు. మొదలు నీ మడవ."

జయరాజు తల అడ్డంగా ఊపాడు. తాతల నాటి నుంచి పైనుంచి కిందికే పారిన నీళ్ళు, ఈరేష్ లాంటి పైవాళ్ళు ఊరుకోరు అన్నాడు.

"హులిగెమ్మ సెప్పిందని సెప్పు," అందామె.

అతను తొడుగులు వేసుకుని తూము దగ్గరికి పోయాడు. చివరి మడవ మొదట తెరుచుకుంది. కట్ట మీద నుంచి చూస్తున్న ఈరేష్ ఇదేమిటని అడిగాడు. జయరాజు ఆ మాటే చెప్పాడు. ఈరేష్ పార భుజాన వేసుకుని, తన వంతు ఎప్పుడొస్తుందో కనుక్కోవడానికి హులిగెమ్మ ఇంటి వైపు నడిచాడు.